మగ్గులో మిగిలిన బీరు

2022 మే నెల. గురుగ్రామ్‌లో ఒక మాల్ మూడో అంతస్తులో ఉన్న మైక్రోబ్రూవరీలో నేను బ్రూమాస్టర్‌గా, అంటే బీరు తయారుచేసే మనిషిగా పనిచేస్తున్నాను. మైక్రోబ్రూవరీ అంటే బీరును సీసాల్లో తెప్పించుకోకుండా అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే మగ్గుల్లో పోసి అమ్మే చోటు. గాజు గోడకు ఇవతల కస్టమర్లు. అవతల ఒక పెద్ద కెటిల్, వరసగా ఆరు స్టీలు ట్యాంకులు, వాటి మధ్య రబ్బరు బూట్లు వేసుకుని నేను. మాది కాకినాడ. మైక్రోబయాలజీ చదివి, రెండేళ్ళు ఒక డెయిరీ ల్యాబ్‌లో పనిచేసి, ఆ తర్వాత ఇందులోకి వచ్చాను. మా అమ్మ బంధువులతో "మా కల్యాణి ఢిల్లీలో ఫుడ్ కంపెనీలో ఉంది" అని చెబుతుంది. అది మరీ అబద్ధం కాదు కాబట్టి నేనూ సరిదిద్దలేదు.

ఈ పని తెలియనివాళ్ళు మొట్టమొదట అడిగేది, "రోజంతా తాగుతూ ఉంటావా?" అని. నిజానికి రోజంతా కడుగుతూ ఉంటాను. పనిలో సగానికి పైగా ట్యాంకులూ పైపులూ శుభ్రం చెయ్యడమే. మిగతాది ఇలా ఉంటుంది. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీనో గోధుమనో మాల్ట్ అంటాం. దాన్ని బరకగా మరపట్టించి వేడినీళ్ళలో నానబెడితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీళ్ళను వడకడితే వచ్చేది వర్ట్. దాన్ని హాప్స్ అనే చేదు పువ్వులతో కలిపి గంటకు పైగా మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపితే పులిసి బీరవుతుంది. ఆ తర్వాత కూడా పది రోజులు చల్లటి ట్యాంకులో కదపకుండా ఉంచితేనే రుచి కుదురుతుంది.

అంటే అడుగడుగునా వేడి కావాలి, లేదా చలి కావాలి. ఆ ఏడాది రెండూ ఖరీదయ్యాయి. ఎక్కడో యుద్ధం మొదలై గోధుమ, బార్లీ ధరలు పెరిగాయి. మా గోధుమ మాల్ట్ ఓడలో వచ్చేది, ఆ ఓడ కిరాయి పెరిగింది. బాయిలర్‌కి వచ్చే పైపు గ్యాస్ బిల్లు చూస్తే ఏ నెలకి ఆ నెల కొత్తగా ఉండేది. ఎండలకి కరెంటు పోతుంటే, ట్యాంకులను చల్లగా ఉంచే చిల్లర్ ఆగకుండా డీజిల్ జనరేటర్ నడిపేవాళ్ళం. అది ఆగితే ట్యాంకుల్లో ఉన్న సరుకంతా పారబొయ్యాల్సిందే.

మా యజమాని వివేక్ ఢిల్లీ పంజాబీ, నలభై అయిదేళ్ళుంటాయి. స్టార్ హోటళ్ళలో పనిచేసి, ఉన్నదంతా ఊడ్చి ఈ వ్యాపారం పెట్టాడు. చాలక ముగ్గురి దగ్గర పెట్టుబడి తీసుకున్నాడు. ఇద్దరు ఢిల్లీ వ్యాపారస్తులు. మూడో ఆయన సీతాపతి గారు, మన తెలుగాయన, బందరు వైపు మనిషి. కేంద్ర ప్రభుత్వంలో ధరలు సేకరించే విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. సంచి భుజాన వేసుకుని మార్కెట్లు తిరిగి, ఏ వస్తువు ఎంతకి అమ్ముతున్నారో రాసుకొచ్చే ఉద్యోగంతో మొదలుపెట్టారట. వివేక్ వాళ్ళ నాన్న ఆయన ఆఫీసులోనే పనిచేసేవాడు. రెండు కుటుంబాలూ ఢిల్లీ ఆర్.కె. పురంలో పక్కపక్క ప్రభుత్వ క్వార్టర్లలో ఉండేవి. వివేక్ చిన్నప్పుడు సగం భోజనాలు వీళ్ళింట్లోనే చేశాడు.

సీతాపతి గారు జీవితంలో బీరు ముట్టలేదు. అయినా ఇందులో డబ్బెందుకు పెట్టారని ఒకసారి అడిగాను.

"బ్యాంకులో వేస్తే వడ్డీ ధరల వెంట పరిగెత్తలేకపోతోందమ్మా. ముప్పై ఏళ్ళు ధరలు రాసినవాణ్ణి, ఆ సంగతి నాకు తెలీదూ? పైగా వీడు నా కళ్ళ ముందు పెరిగిన పిల్లాడు" అన్నారు.

ఆయనా, భార్యా అప్పుడు ప్రభుత్వోద్యోగి అయిన కూతురి క్వార్టర్‌లో ఉండేవారు. కూతురికి బదిలీ అయితే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఆర్.కె. పురం దగ్గర్లోనే ఒక మంచి ఇల్లు అద్దెకి తీసుకోవాలనీ, ఆ అద్దె ఈ పెట్టుబడి మీద రావాలనీ ఆయన లెక్క. వారానికి రెండు మధ్యాహ్నాలు మెట్రో ఎక్కి వచ్చేవారు. గిన్నెలు కడిగే గది దారి పక్కన చిన్న బల్ల దగ్గర కూర్చుని, ఉప్పేసిన నిమ్మకాయ సోడా తాగి, వాటాదారు అయి కూడా దానికి బిల్లు కట్టి వెళ్ళిపోయేవారు.

మే చివరివారంలో వివేక్ నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు. అతను మాట్లాడేది హిందీలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"కల్యాణీ, ధర పెంచలేను. పక్క పబ్బువాడు ఒకటి కొంటే ఒకటి ఫ్రీ ఇస్తున్నాడు. పెంచకపోతే వచ్చే నెల జీతాలు ఇవ్వలేను. పెట్టుబడి పెట్టిన ఇద్దరూ రోజూ ఫోన్లు చేస్తున్నారు. నువ్వే ఏదైనా దారి చూడు."

"ఏ దారి?"

"మాల్ట్ కొంచెం తగ్గించు. కొంచెమే. ఎవరికి తెలుస్తుంది?"

కుదరదు అన్నాను. గుమ్మం దగ్గర నల్లబోర్డు మీద 'మొత్తం మాల్ట్, మరేదీ కలపం' అని ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ చేతిరాత నాదే. అతను వాదించలేదు. "ఇరవై ఇద్దరు పనిచేస్తున్నారు ఇక్కడ" అని మాత్రం అన్నాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇరవై ఇద్దరి జీతాల కోసమే ఒప్పుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అదొక్కటే కాదు. ఎవరికీ తెలియకుండా చెయ్యగలనన్న గర్వం కూడా ఉంది. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికే లెక్కలు వెయ్యడం మొదలుపెట్టాను. మాల్ట్‌లో ఐదో వంతు తీసేసి, అంతమేర అటుకులూ చక్కెరా కలపడం. మరిగించే సమయం ఇరవై నిమిషాలు తగ్గించి గ్యాస్ మిగల్చడం. చల్లటి ట్యాంకులో పది రోజులు ఉంచేదాన్ని ఆరు రోజులకి దింపెయ్యడం. చక్కెర కలిపితే ఆల్కహాల్ శాతం తగ్గదు. రంగు కోసం కొంచెం నల్లమాల్ట్, అంటే నల్లగా వేయించిన మాల్ట్, వేస్తే చాలు. అంకెలన్నీ అచ్చు పాతవాటిలాగే వచ్చాయి. నోట్లో నిండుగా అనిపించే చిక్కదనం ఒక్కటే తగ్గింది. దానికి అంకె ఉన్నా మెనూలో రాయరు.

జూన్ మూడో వారంలో మొదటి ట్యాంకు తెరిచాం. ఆ రోజు గాజు గోడ అవతలినుంచి కస్టమర్ల ముఖాలే చూస్తూ నిలబడ్డాను.

ప్రతి శుక్రవారం వచ్చే తెలుగు పిల్లలు ఐదుగురు ఉండేవారు, దగ్గర్లోని సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఉద్యోగాలు. వాళ్ళలో హరీశ్‌ది కరీంనగర్. నన్ను అక్కా అని పిలిచేవాడు. వచ్చిన ప్రతిసారీ గాజు తలుపు మీద తట్టి పలకరించేవాడు. ఆ రోజు కూడా తట్టాడు.

"ఎట్లుంది హరీశ్, బీరు?"

"మస్తు చల్లగుంది అక్కా" అన్నాడు.

చల్లగుంది అన్నాడు, బాగుంది అనలేదు. అప్పుడు నాకు ఆ తేడా వినపడలేదు.

ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఒక్కరు కూడా. జూన్, జూలై నెలల ఖర్చులు చూసి వివేక్ నాకు స్వీటు బాక్సు ఇచ్చాడు. జూలై చివర్లో ముగ్గురు పెట్టుబడిదారులకీ మొదటిసారి కొంత లాభం పంచాడు. సీతాపతి గారు ఆ రోజు మామూలుగానే నిమ్మకాయ సోడాకి డబ్బు కట్టి, లేస్తూ నన్ను పిలిచారు.

"అమ్మా, నీతో ఒక మాట. ఈమధ్య మీ బీరు చేదెక్కిందా?"

"లేదంకుల్. ఎందుకలా అడిగారు?"

ఆయన చొక్కా జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశారు. పేజీ నిండా నిలువు గీతలు, ప్రతి నాలుగు గీతల మీదా ఒక అడ్డగీత.

"నేను కూర్చునేది గిన్నెలు లోపలికి వెళ్ళే దారిలో కదా. ఏదో ఒకటి లెక్కపెట్టకపోతే నాకు తోచదు. మే నెలలో నలభై మగ్గులు లోపలికి వెళితే, అందులో నాలుగింట్లో బీరు మిగిలి ఉండేది. పావు వంతో, ఇంకా ఎక్కువో. పోయిన వారం నలభైకి తొమ్మిది. ఇవాళ పదకొండు."

వర్షాకాలం కదా అంకుల్, చల్లటివి ఎక్కువ తాగరు అన్నాను. ఆయన తలూపి, అచ్ఛా అని వెళ్ళిపోయారు. నేను లోపలికి వెళ్ళి, కడగడానికి వచ్చిన ట్రేలు చూశాను. ఆయన చెప్పింది నిజం. మగ్గుల అడుగున బీరు నిలిచి ఉంది, నురుగు చచ్చిపోయి. ఇన్నాళ్ళూ గాజు గోడ వెనక నిలబడి మొదటి గుక్క తాగే ముఖాలే చూశాను. ఆ మొదటి గుక్కలో చలి తప్ప ఏమీ తెలియదు. మగ్గు సగమయ్యేసరికి బీరు కాస్త వెచ్చబడి అసలు రుచి బయటపడుతుంది. అక్కడే వాళ్ళు ఆపేస్తున్నారు.

ఇంకొకటి కూడా అప్పుడే గుర్తొచ్చింది. హరీశ్ వాళ్ళు వచ్చి నాలుగు శుక్రవారాలైంది.

సీతాపతి గారు మర్నాడు మళ్ళీ వచ్చారు. అంతకుముందు వరసగా రెండు రోజులు ఎప్పుడూ రాలేదు. ఆ మర్నాడూ వచ్చారు. సోడా తాగి, గీతలు గీసుకుని వెళ్ళారు. నాలుగో రోజు నేనే వెళ్ళి ఆయన ఎదుట కూర్చున్నాను.

"అంకుల్, అది వర్షం వల్ల కాదు. మాల్ట్ తగ్గించాను. అటుకులు, చక్కెర కలుపుతున్నాను. మే నెలాఖరు నుంచి."

ఆయన కోప్పడతారనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"వివేక్ చెప్పాడా?"

"అడిగింది ఆయనే. ఎలా చెయ్యాలో కనిపెట్టింది నేను."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని అన్నారు: "నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సబ్బుల ధర రాయడానికి కొట్టుకి వెళ్ళేవాణ్ణి. ఒక నెల ధర అంతే ఉంది. మారలేదు అని రాసి పంపాను. మా ఆఫీసరు కాగితం తిప్పి పంపాడు. తూకం వేశావా అన్నాడు. మళ్ళీ వెళ్ళి తూచాను. బిళ్ళ బరువు తగ్గింది. అయితే ధర పెరిగింది అని రాయి అన్నాడు. మీరు కూడా ధర పెంచారమ్మా. జనానికి చెప్పలేదు, అంతే."

నేను ఖర్చు తగ్గించానని అనుకుంటున్నాను. ధర పెంచానని ఎప్పుడూ అనుకోలేదు.

"ఆ పెంచిన ధరలో నా వాటా నాకు వచ్చింది" అన్నారాయన. "అందుకే నేను ఊరుకోకూడదు. పద, వాడితో మాట్లాడదాం."

వివేక్ గదిలో ఆ మధ్యాహ్నం జరిగిన సంభాషణ నాకు చాలావరకు గుర్తుంది. ముందు వివేక్ నా వైపు చూసిన చూపు మరీ గుర్తుంది.

"అంకుల్, మీరు బీరే తాగరు" అన్నాడు. "రుచి గురించి మీకేం తెలుసు?"

"రుచి నాకు తెలీదు బేటా. వదిలేసి వెళ్ళింది తెలుసు." నోటుబుక్కు బల్ల మీద పెట్టారు.

వివేక్ దాన్ని తెరవలేదు. "మా ఫ్లాటు బ్యాంకులో తాకట్టులో ఉంది. మీ డబ్బు ఇందులోనే ఉంది. ధర పెంచితే పక్కకి పోతారు. పెంచకుండా పాత మాల్ట్ వేస్తే ఆరు నెలల్లో తాళం పడుతుంది. మీరు చెప్పండి, ఏం చెయ్యను?"

"ధర పెంచు. పాత సరుకు వెయ్యి. ఎందుకు పెంచావో గుమ్మం దగ్గర రాసి పెట్టు. సర్దుకునేదాకా నా వాటా లాభం నాకు ఇవ్వకు."

"మీ ఇంటి అద్దె?"

"అది నేను చూసుకుంటాను."

వివేక్ ఒప్పుకోలేదు. చాలా మర్యాదగానే, మీకు వ్యాపారం తెలియదు అంకుల్ అన్నాడు. ఆయన్ని లిఫ్ట్ దాకా దిగబెట్టి వచ్చి నాతో, "నా దగ్గరికి రాకుండా ఆయన దగ్గరికి ఎందుకు వెళ్ళావు?" అన్నాడు. నిజమే, ముందు అతనికే చెప్పి ఉండాల్సింది. ఆ వారం మేమిద్దరం పని మాటలు తప్ప మాట్లాడుకోలేదు. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఢిల్లీలో మునిర్కాలో ఉండే స్నేహితురాలితో, అవసరమైతే ఒక నెల నీ గదిలో ఉంటాను అని కూడా చెప్పి పెట్టుకున్నాను.

కొత్త రకాలు ప్రయత్నించడానికి మా దగ్గర యాభై లీటర్ల చిన్న సెట్టు ఒకటి ఉండేది. గోదాములో పాత గోధుమ మాల్ట్ ఒక బస్తా మిగిలి ఉంది. ఎవరినీ అడగకుండా, పాత లెక్క ప్రకారం, పాత సమయాల ప్రకారం ఒక చిన్న బ్యాచ్ కాచాను. దాన్ని పూర్తిగా పది రోజులు చలిలో ఉంచాను. ఆగస్టు నెలాఖర్లో, ఉదయం పదకొండింటికి, హాలు ఖాళీగా ఉన్నప్పుడు వివేక్‌ని పిలిచి రెండు గ్లాసులు ముందు పెట్టాను. రెండూ ఒకే రంగు. ఏది ఏదో చెప్పలేదు.

మొదటిది ఒక గుక్క తాగాడు. రెండోది తాగాడు. మళ్ళీ మొదటిది తాగలేదు. రెండో గ్లాసు చేతిలో పట్టుకుని, "ఇది ఏమిటి?" అన్నాడు.

"మే నెల దాకా మనం అమ్మింది."

"ఇంత తేడానా?"

"అవును సర్."

అతను రోజూ రుచి చూస్తూనే ఉన్నాడు. నేనూ చూస్తూనే ఉన్నాను. పక్కన పెట్టి చూడటానికి పాతది లేకపోవడం వల్ల ఇద్దరం కొత్తదానికే అలవాటు పడిపోయాం. వివేక్ ఆ గ్లాసు పూర్తిగా తాగాడు. ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. "ఠీక్ హై" అన్నాడు చివరికి. "మాల్ట్ ఆర్డర్ పెట్టు."

సెప్టెంబరులో మగ్గు ధర అరవై రూపాయలు పెంచాం. నల్లబోర్డు మీద ఏం రాయాలన్నది ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. మాల్ట్, గ్యాస్, డీజిల్ ధరలు పెరిగాయి, అందుకని బీరు ధర పెంచుతున్నాం, బీరులో మాత్రం ఏమీ తగ్గించడం లేదు అని రాశాను. 'వేసవిలో కొన్నాళ్ళు తగ్గించాం, క్షమించండి' అని ఇంకో వాక్యం కూడా రాశాను. వివేక్ గుడ్డ తీసుకుని ఆ చివరి వాక్యం తుడిచేశాడు. నాకు కష్టంగా అనిపించింది, కానీ అక్కడ పట్టుబట్టే ధైర్యం రాలేదు. అందుకే నా వంతు నేను చెయ్యగలిగింది ఒకటి చేశాను. హరీశ్‌కి ఫోన్ చేశాను.

"హరీశ్, జూన్ నుంచి నేను బీరులో మాల్ట్ తగ్గించాను. బోర్డు మీద మాత్రం అలాగే ఉంచాను. మీకు చెప్పకపోవడం తప్పు."

హరీశ్ నవ్వాడు.

"మాకు రెండో వారమే సమజైందక్కా. నీళ్ళ లెక్క ఉండె. మీరు మంచిగ మాట్లాడ్తరు, మీ ముఖం మీద ఎట్ల చెప్పాలె? అందుకే వచ్చుడు బంద్ చేసినం."

"చెబితే బాగుండేది కదా."

"చెప్తే మీరు బాధపడ్తరనుకున్నం. మీరు కావాలనే అట్ల చేసిన్రని మాకేం తెలుసు?"

ఆ శుక్రవారం ఐదుగురూ వచ్చారు. హరీశ్ మగ్గు ఖాళీ చేసి గాజు తలుపు మీద తట్టాడు. "ఇదే అక్కా. గిదే మునుపటిది." బిల్లు చూశాక ఇంకో మాట కూడా అన్నాడు. "కానీ ఇగ వారం వారం రాలేమక్కా. కిరాయి పెరిగింది, పెట్రోల్ పెరిగింది, జీతం అట్లనే ఉంది. నెలకొక్కసారి వస్తం."

అన్నట్టే నెలకొకసారి వచ్చారు. వాళ్ళకి కూడా ఖర్చులు పెరిగాయన్న సంగతి అంతదాకా నేను ఆలోచించలేదు. మా గ్యాస్ బిల్లు పెరిగినప్పుడే వాళ్ళ వంటగదిలో సిలిండరు ధర కూడా పెరిగింది కదా.

ఆ తర్వాత అంతా చక్కబడిపోయిందని చెప్పలేను. అమ్మకం తగ్గింది. ఢిల్లీ వ్యాపారస్తుల్లో ఒకాయన తన డబ్బు వెనక్కి అడిగితే, వివేక్ కారు అమ్మి కొంత, వాయిదాల్లో కొంత తీర్చాడు. ఆ చలికాలమంతా స్కూటరు మీదే వచ్చాడు. సీతాపతి గారి కూతురికి జనవరిలో బదిలీ అయింది. ఆయన అనుకున్న మంచి ఇల్లు కుదరలేదు. మునిర్కాలో ఇరుకు సందులో, రెండో అంతస్తులో, రెండు గదుల వాటాలోకి మారారు. నేను ఒకసారి వెళ్ళాను. ఆంటీ ఉప్మా పెట్టి, "మెట్లెక్కడమే కష్టం కల్యాణీ, మిగతాదంతా బానే ఉంది" అన్నారు. ఆ మెట్లకి నేనూ కొంత కారణమన్న సంగతి ఆవిడకి తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు.

నాకు పట్టుదల పెరిగింది అప్పుడే. ఖర్చు తగ్గించాలి, కానీ మగ్గులోది తాకకూడదు. మూడు నెలలు బ్రూవరీ అంతా కొత్తగా చూశాను. మరిగిన వర్ట్‌ని చల్లార్చడానికి వాడే నీళ్ళు వేడెక్కి బయటికి వస్తాయి. వాటిని ఇన్నేళ్ళుగా డ్రైనేజీలోకి వదిలేస్తున్నాం. ఒక పాత ట్యాంకుకి దళసరి తొడుగు వేయించి, ఆ వేడినీళ్ళు అందులో పట్టి, తర్వాతి బ్యాచ్ మాల్ట్ నానబెట్టడానికి వాడాను. బాయిలర్ నుంచి కెటిల్‌కి వచ్చే ఆవిరి పైపు పదిహేను అడుగులు బోసిగా ఉంటే దానికీ తొడుగు వేయించాను. వారానికి నాలుగు రోజులు విడివిడిగా కాచేదాన్ని రెండు రోజులకి కుదించి, రోజుకి రెండు బ్యాచ్‌లు వెంటవెంటనే కాయడం మొదలుపెట్టాను. కెటిల్ చల్లారకముందే రెండోది పడుతుంది. ఇవేవీ గొప్ప సంగతులు కావు, పుస్తకాల్లో మొదటి అధ్యాయాల్లోనే ఉంటాయి. గ్యాస్ బిల్లు కంటికి కనపడేటంత తగ్గింది. మే నెలలో వివేక్ "ఏదైనా దారి చూడు" అన్నప్పుడు నేను ముందు చూడవలసింది ఇవి. కష్టమైన చోట వెతక్కుండా, తేలికగా తీసెయ్యగలిగిన చోట చెయ్యి పెట్టాను.

సీతాపతి గారికి మళ్ళీ లాభం అందేసరికి ఏడాదిన్నర పట్టింది. 2024 ఫిబ్రవరిలో ఒక మంగళవారం, మొదటి అంతస్తుకి మారబోతున్నామని చెప్పడానికి వచ్చారు. అదే సందులోనే, కానీ ఒక అంతస్తు కిందకి. నేను అప్పుడే వర్ట్ వడకడుతున్నాను. హాలంతా ఉడికిన ధాన్యం వాసన. ఆయన గాజు తలుపు దగ్గర నిలబడి లోపలికి చూస్తున్నారు. నాకెందుకో అప్పుడు తట్టింది, ఈయన పెట్టుబడి పెట్టిన వస్తువుని ఒక్కసారి కూడా రుచి చూడలేదని.

"అంకుల్, లోపలికి రండి. ఇది ఇంకా బీరు కాలేదు. ఈస్ట్ పడలేదు. ఆల్కహాల్ బొట్టు కూడా లేదు. ఒక్క గుక్క తాగి చూడండి."

ఆయన కాస్త వెనకాడారు. "నిజంగా లేదా?"

"లేదు. ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను."

చిన్న స్టీలు గ్లాసులో పోసి ఇచ్చాను. ఊదుకుంటూ ఒక గుక్క తాగారు. కళ్ళు పెద్దవి చేసుకుని ఇంకో గుక్క తాగారు.

"జావలా ఉందే! బెల్లం వేసిన గోధుమ జావ."

"అంతే అంకుల్. మొదట అంతే."

గ్లాసు అడుగుదాకా తాగి, లోపలికి ఒకసారి చూసుకుని నాకు తిరిగిచ్చారు. "చక్కెర కలిపావా?" అని అడిగారు, తియ్యదనానికి ఆశ్చర్యపోయి. ఆ ప్రశ్నలో వేరే ఉద్దేశమేమీ లేదు.

"లేదంకుల్. అంతా మాల్టే" అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు మామూలుగా ఉంది, చూపు పక్కకి తిప్పుకోవలసిన అవసరం రాలేదు. ధరలు మళ్ళీ పెరుగుతాయి, తగ్గుతాయి, అవి నా చేతుల్లో లేవు. నేను చేసే వస్తువులో ఏముందని ఎవరైనా ఎప్పుడు అడిగినా ఇలా తడుముకోకుండా చెప్పగలగడం ఒక్కటే నా చేతుల్లో ఉంది. అది నేర్చుకోవడానికి నాకు ఒక వేసవి పట్టింది. ఆ వేసవి ఖరీదులో ఎక్కువ భాగం చెల్లించింది మాత్రం నేను కాదు.